గింజల పొట్లాల కింది ఉత్తరం

బీన్సు గింజల పొట్లాలు ఎత్తి చూస్తే కింద ఉత్తరం లేదు.

సొరుగు మొత్తం బయటికి లాగి బల్లమీద బోర్లించాను. ముల్లంగి గింజలు, పురికొస ఉండ, తెగిన గడియారం పట్టీ, నేను వెతుకుతున్న కుక్క టీకాల చీటీ... అన్నీ ఉన్నాయి. మా ఆయన క్లైవ్ తన చేత్తో రాసి, సంతకం పెట్టి, చిరునామా రాసి, స్టాంపు కూడా అంటించి దాచిన కవరు మాత్రం లేదు.

అది రెండువేల పద్దెనిమిది నవంబరు, గురువారం ఉదయం. వంటింటి రేడియోలో మంత్రుల రాజీనామాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. యూరప్ కూటమి నుంచి దేశం బయటపడడానికి ప్రధాని వాళ్లతో కుదుర్చుకొచ్చిన ఒప్పందం ఆవిడ సొంత పార్టీలో సగంమందికి గిట్టలేదు. ఆ పార్టీలోనే మా క్లైవ్ పార్లమెంటు సభ్యుడు.

సెప్టెంబరులో ఒకరోజు ఒళ్లు మండి రాశాడా ఉత్తరం. 'మన నాయకురాలి మీద నాకు విశ్వాసం లేదు.' అంతే, ఒక్క వాక్యం. అలాంటి ఉత్తరాలు పార్టీ ఎంపీల సంఘం అధ్యక్షుడికి రహస్యంగా పంపాలి. నలభై ఎనిమిది పోగైతే ఆవిడ నాయకత్వం మీద ఓటింగు పెట్టి తీరాలి. అప్పటిదాకా ఎన్ని వచ్చాయో, ఎవరు పంపారో ఆ అధ్యక్షుడు కట్టుకున్న భార్యకు కూడా చెప్పడు.

రాసినవాడు పంపాలి కదా. క్లైవ్ పంపలేదు. గింజల కింద పెట్టాడు. పెట్టి, కోతల విందులో మా నియోజకవర్గం పార్టీ వాళ్ల ముందు లేచి, "నేను నా ఉత్తరం రాశాను" అన్నాడు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆ వారమే లండన్‌లో పార్టీ విప్ నిలదీస్తే, "నేను ఏ ఉత్తరమూ పంపలేదు" అన్నాడు. విప్ భుజం తట్టాడు. రెండు మాటలూ నిజమే. ఆ ఉత్తరం సొరుగులో ఉన్నంతకాలం మా ఆయన అబద్ధాలకోరు కాడు.

ఇప్పుడది సొరుగులో లేదు.

ఫోన్ చేశాను.

"సభలోకి వెళ్తున్నా లోర్నా, తొందరగా చెప్పు."

"ఉత్తరం లేదు."

"ఏ ఉత్తరం?"

"నీకెన్ని ఉన్నాయేమిటి?"

కాసేపు అవతల అడుగుల చప్పుడు, ఎవరో దగ్గడం. తర్వాత క్లైవ్ గొంతు బాగా తగ్గించి, "నువ్వే సర్దుతూ ఎక్కడో పెట్టుంటావు" అన్నాడు.

"నీ తిరుగుబాట్లు నేను సర్దను. దుమ్ము దులపడానికి కూడా ముట్టుకోలేదు."

"అయితే ఎవరో పంపేశారు."

"పోనీ ఆ అధ్యక్షుణ్ణే అడిగెయ్."

"ఏమని అడగను? 'అయ్యా, నేను మీకేమన్నా రాశానా' అనా? అందిందంటే పంపినవాణ్ణి నేనే. అందలేదన్నాడనుకో, రాశానని నా నోటితో నేనే చెప్పుకున్నట్టు!"

అంత తెలివిగా అల్లుకున్న వలలో తనే చిక్కుకుని గింజుకుంటుంటే నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. నవ్వలేదు. అతని పదవి, పరువు రెండూ ఆ కవరులోనే ఉన్నాయి మరి.

మా ఇల్లే థార్న్‌బెక్ ఊళ్లో పాత పోస్టాఫీసు. నాన్న సిరిల్ ఇక్కడే నలభై ఒక్కేళ్లు పోస్టుమాస్టరు. పదేళ్లకిందట ఆఫీసు మూసేసి, బోర్డూ తక్కెడా పట్టుకుపోయారు. వీధిగోడలో ఉన్న ఎర్రపెట్టెని పెకలించలేక, దాని నోటికి ఇనపరేకు బిగించి వదిలేశారు. ఆ పెట్టె వెనక తలుపు మా సామాన్ల గదిలో జామ్ సీసాల అర చాటున ఉంటుంది. నాన్న ఇప్పటికీ శనివారం శనివారం గోడ బయట ఆ పెట్టెని తడిగుడ్డతో తుడుస్తాడు. ఉత్తరాలు వెయ్యాలంటే ఊరి చివర బస్టాపు దగ్గరి పెట్టె దాకా పోవాలి.

సోమవారం సొరుగు తీసినప్పుడు కవరు అక్కడే ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో తిరిగినవాళ్లు నలుగురు. నేను, నాన్న, యూనివర్సిటీ నుంచి సెలవుకొచ్చిన మా అమ్మాయి ఫ్రేయా, మంగళవారం టీకి వచ్చిన మోరీన్ థ్రింగ్. మోరీన్ మా నియోజకవర్గం పార్టీ శాఖకి అధ్యక్షురాలు. నేను టీ కలిపేలోగా పది నిమిషాలు ఆ సొరుగున్న గదిలో ఒంటరిగా కూచుంది. చేతిలో కళ్లజోడు, ఒళ్లో హ్యాండుబ్యాగు. ఆ బ్యాగులో పార్లమెంటు మొత్తం పట్టేస్తుంది.

శుక్రవారం సాయంత్రం క్లైవ్ ఇంటికొచ్చాడు. సాసేజీలు, మెదిపిన బంగాళాదుంపలు, ఉసిరికాయంత బుల్లి క్యాబేజీలు పెట్టాను. మా వైపు డిసెంబరు దాకా ఏ పొలం చూసినా ఆ బుల్లి క్యాబేజీలే. ఎవరింట్లో చూసినా అవే.

"ఫ్రేయా, నువ్వు తీశావా?" తిన్నగా అడిగేశాడు.

ఫ్రేయా తన డబ్బాలాంటి ఫోను బల్లమీద బోర్లా పెట్టింది. దాని వెనక యూరప్ జెండా, పన్నెండు నక్షత్రాలు. "నేను తీసుంటే నాన్నా, ఈపాటికి ఫొటో తీసి ఊరందరికీ పెట్టేదాన్ని. నువ్వు ఏదో ఒక పక్క నిలబడ్డావని సాక్ష్యం ఉండేది."

"తండ్రితో మాట్లాడే తీరేనా అది?"

"మరి తండ్రి దేశంతో మాట్లాడే తీరు అదేనా?"

"ఇద్దరూ తిండి తినండి," అన్నాను.

నాన్న అప్పటిదాకా తలెత్తలేదు. సాసేజీ సమానంగా ఎనిమిది ముక్కలు కోసుకుని, కత్తి పక్కన పెట్టి అడిగాడు: "స్టాంపు అంటించావా, అల్లుడూ?"

"ఆఁ."

"ఫస్ట్ క్లాసేనా? మర్నాటికి చేరేదేనా?"

"ఫస్ట్ క్లాసే. ఇప్పుడదా ముఖ్యం?"

"ముఖ్యమే మరి. చిరునామా రాసి, ఫస్ట్ క్లాస్ స్టాంపు కూడా అంటించి సొరుగులో పెట్టేవాణ్ణి ఏమనాలి? ఉత్తరం ఉండాల్సింది పోస్టుపెట్టెలో."

క్లైవ్ నా వంక చూశాడు. నేను నాన్న వంక చూశాను. నాన్న ఆవాల ముద్ద అందుకున్నాడు.

ఆ ఆదివారం కుక్కని తిప్పడానికి నాన్నతో నేనూ బయల్దేరాను. కాలవగట్టు మీద గాలి చెవులు కోసేస్తోంది. పొలాల్లో కూలికొచ్చిన లిథువేనియా ఆడవాళ్లు నడుములు వంచి క్యాబేజీ కాడలు నరుకుతున్నారు. బస్టాపు దగ్గరి ఎర్రపెట్టె కనబడగానే ఆగాను.

"నాన్నా, నువ్వే కదూ?"

"ఏది నేను?"

"ఉత్తరం పోస్టులో వేసింది."

నాన్న టోపీ సర్దుకున్నాడు. "అమ్మాయ్, మీ అమ్మ బతికున్న రోజుల్లో కూడా, ఎవరికి ఏ ఉత్తరమొచ్చిందని నా నోట విన్నదా? పోస్టులో పడిన ఉత్తరం గురించి పోస్టుమాస్టరు మాట్లాడడు."

"అంటే పోస్టులో పడినట్టే!"

"పడిందనలేదు. మాట్లాడనన్నాను."

"నువ్వూ నీ అల్లుడూ ఒక్క బళ్లోనే చదివినట్టున్నారు."

"ఆ మాటొకటి అనకు," అన్నాడు నాన్న. మొదటిసారి ఆయన గొంతులో చురుకు తగిలింది. "అతను రెండువైపులా మాట్లాడతాడు. నేను ఏవైపూ మాట్లాడను."

అంతే. కుక్క పరిగెత్తింది, మేమూ దాని వెనక పోయాం. నాన్నే పంపేశాడని ఆ క్షణం నుంచి నాకు రూఢి అయిపోయింది. క్లైవ్‌కి చెప్పలేదు. ఇంట్లో నాన్న ఒకవైపు, మొగుడు ఒకవైపు అయితే మధ్యలో అన్నం వడ్డించాల్సింది నేనేగా.

రెండు వారాలు అలా గడిచాయి. సోమవారం లండన్ రైలెక్కడం, గురువారం దిగడం, ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడం. పక్కలో పడుకుంటే పళ్లు పటపట కొరికేవాడు. దంతవైద్యుడు నోట్లో పెట్టుకోమని రబ్బరు తొడుగొకటి ఇస్తే దాన్నీ కొరికేశాడు. 'ఇవాళ ముప్పై అందాయట, కాదు, నలభై అట' అని పేపర్లు రాసినప్పుడల్లా, "వాటిలో నాది ఉందంటావా?" అని నన్నే అడిగేవాడు, నేనేదో ఆ అధ్యక్షుడి గుమాస్తాని అయినట్టు.

డిసెంబరు మొదటి శనివారం మోరీన్ వచ్చింది. ఒకచేత్తో బుల్లి క్యాబేజీలు గుత్తులుగా కాసిన నిలువెత్తు కాడ పట్టుకుని, గద లాగా భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"లోర్నా, ఇది క్రిస్మస్‌కి. క్లైవ్, ఇది మీకు." ఇంకో చేత్తో కాగితం చాచింది. పద్నాలుగో తారీఖు శుక్రవారం పాత ధాన్యం మార్కెట్ హాల్లో సభ్యుల సమావేశం. చర్చించాల్సిన అంశం ఒక్కటే, మా సభ్యుడి మీద మాకు విశ్వాసం ఉందా లేదా.

"నేను రాశానని చెప్పాను కదండీ మోరీన్," అన్నాడు క్లైవ్.

"చెప్పారు. ఆరోజు నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికెళ్లి స్నానం చేస్తుంటే అనుమానమొచ్చింది. రాశారు సరే, పంపారా?"

క్లైవ్ చూపు గదిలోకి, సొరుగు మీదికి పోయింది. నేను మోరీన్ ముఖం చూస్తున్నాను. ఆవిడ సొరుగు వంక చూడనే లేదు. ఆవిడ కాదు తీసింది. తీసుంటే ఈ ప్రశ్న అడగదు.

"మాట్లాడరేం? మీది గోడమీద పిల్లివాటం అని ఊళ్లో అంటుంటే తొమ్మిదేళ్లుగా నేను అడ్డుపడుతూ వచ్చాను. ఆ శుక్రవారం నాకొక్క మాట కావాలి. అవునో, కాదో. ఈ కాడ నీళ్లలో నిలబెట్టు లోర్నా, లేకపోతే వాడిపోతుంది."

పన్నెండో తారీఖు బుధవారం పొద్దున్నే రేడియోలో చెప్పారు. నలభై ఎనిమిది అందాయి. సాయంత్రం ఆరింటికి ఓటింగు మొదలు.

పావుగంటలో క్లైవ్ ఫోన్ చేశాడు. "నాది నలభై ఎనిమిదోది అయితే?"

"అయితే ఏమిటి?"

"ఆవిడ నా వల్లే పడిపోతుంది. నేను పంపని ఉత్తరం వల్ల."

"క్లైవ్, ఆ కవరు సంగతి వదిలెయ్. ఇవాళ సాయంత్రం నీ చేతికి ఓటు కాగితం ఇస్తారు. దాని మీద ఏం రాస్తావు?"

లైను తెగిందేమోనని రెండుసార్లు ఫోను చెవి దగ్గర్నించి తీసి చూసుకున్నాను.

"ఆవిడ ఉండాలని," అన్నాడు చివరికి. "ఆ ఒప్పందం అంత బాగాలేదు. అంతకన్నా మంచిది తెచ్చేవాడు ఈ పార్టీలో ఒక్కడూ లేడు. సెప్టెంబరు నుంచీ నాకు తెలుసు."

"మూడు నెల్లనించీ తెలిసిన మాట మూడు నిమిషాలు తీసుకున్నావు చెప్పడానికి. వెళ్లి వెయ్యి."

రాత్రి తొమ్మిదింటికి ఫలితం చెప్పారు. ఆవిడ నెగ్గింది. నాన్న రేడియో కట్టేసి, పైపులో పొగాకు దట్టించుకుంటూ, "అల్లుడు ఎటు వేశాడు?" అని అడిగాడు.

"ఓటు గురించి అడక్కూడదని నువ్వే కదా చెబుతావు."

"నిజమే," అని ఊరుకున్నాడు. కానీ ఎందుకో ఆయన ముఖం తేలికపడినట్టు కనిపించింది.

శుక్రవారం ధాన్యం హాల్లో నూట ముప్పైమంది పోగయ్యారు. గోడల పొడవునా వేడిగొట్టాలు టకటకమంటున్నాయి, తడి కోట్ల వాసన. మోరీన్ గంట కొట్టింది. క్లైవ్ లేచాడు. జేబులో నాలుగు పేజీల ఉపన్యాసం ఉందని నాకు తెలుసు. నేనే టైపు చేశాను. దాన్ని బయటికి తియ్యలేదు.

"సెప్టెంబరులో ఉత్తరం రాశానని మీకు చెప్పాను. రాశాను. పంపలేదు. సొరుగులో పెట్టుకున్నాను. ఇక్కడికొస్తే రాశానని, లండన్ వెళ్తే పంపలేదని చెప్పుకోవడానికి. నెలరోజుల కిందట ఆ కవరు మాయమైంది. వెళ్లిందో లేదో నాకు తెలియదు. మొన్న బుధవారం ఆవిడకే ఓటు వేశాను. మళ్లీ వెయ్యాల్సొస్తే మళ్లీ వేస్తాను. మీలో చాలామందికి ఇది నచ్చదు. వచ్చే ఎన్నికలకి మీరు ఇంకొకర్ని చూసుకోండి. అంతే."

కూర్చున్నాడు.

వెనక వరసలోంచి బెర్నార్డ్ కోవెల్ లేచాడు. నూరెకరాల క్యాబేజీ రైతు, ఊళ్లో అందరికన్నా గట్టి గొంతు. "చూసుకుంటాంలే. ఈలోగా సౌత్ డ్రెయిన్ కాలవ మీద నీళ్లు తోడే పంపు సంగతేమిటి? జనవరిలో నా పొలం మునుగుతుందా, మునగదా? అవునో, కాదో చెప్పు."

"మునగదు," అన్నాడు క్లైవ్. "కొత్త పంపు ఇరవయ్యో తారీఖున వస్తుంది. నేనే దగ్గరుండి దింపిస్తాను."

ఎవరో నవ్వారు. నవ్వు రెండు వరసలు పాకింది. మోరీన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"తొమ్మిదేళ్లుగా మీ ఉపన్యాసాలు వింటున్నాను, క్లైవ్. ఇటో అటో తేల్చి చెప్పడం ఇదే మొదటిసారి. చెప్పకచెప్పక చెప్పింది నాకు నచ్చని వైపు, అది వేరే సంగతి. ఆయనే తప్పుకుంటానంటున్నాడు కాబట్టి విశ్వాసం మీద ఓటు అక్కర్లేదు. టీ వెనకాల ఉంది. ఎవరి కప్పు వాళ్లే కడగాలి."

తిరుగుదారిలో చేపలూ బంగాళాదుంప వేపుళ్లూ కొనుక్కుని, కార్లోనే కాగితం విప్పి తిన్నాం. వెనిగర్ ఘాటుకి అద్దాలు మసకలెక్కాయి. క్లైవ్ తనది తినేసి నాదాంట్లో చెయ్యి పెట్టాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో నా పొట్లం జోలికి రావడం అదే మొదలు.

"ఎన్నికలయ్యాక ఏం చేస్తావు?" అన్నాను.

"మునుపటి పనే. కాలవలు, పంపులు. నీళ్లు నయం, ఎటు పల్లముంటే అటే పోతాయి, అడిగితే దాచవు." వేళ్లు నాక్కుని, "రబ్బరు తొడుగు ఇవాళ అక్కర్లేదేమో," అన్నాడు.

అక్కర్లేకపోయింది.

క్రిస్మస్ ముందటి ఆదివారం మధ్యాహ్నం. ఫ్రేయా, వాళ్ల నాన్న హాల్లో చెట్టుకి దీపాల తీగ చుడుతూ యూరప్ గురించి పోట్లాడుకుంటున్నారు. ఇద్దరి గొంతుల్లోనూ హుషారుంది. నేను పుడ్డింగు తీసుకుందామని సామాన్ల గదిలోకి వెళ్లాను.

జామ్ సీసాలన్నీ కిందికి దించి ఉన్నాయి. అర వెనక చిన్న ఇనప తలుపు తెరిచి ఉంది. పదేళ్లుగా ఉలుకూ పలుకూ లేని ఆ ఎర్రపెట్టె వెనక తలుపు. దాని ముందు నాన్న, ఒకచేత్తో గడియారం గొలుసుకున్న తాళంచెవి, ఇంకో చేతిలో తెల్లకవరు. ఫస్ట్ క్లాస్ స్టాంపు, మా ఆయన దస్తూరీ. అంటించినది అంటించినట్టే ఉంది.

నాన్న తడబడలేదు, దాచబోలేదు. కవరు నా చేతిలో పెట్టి, జామ్ సీసా ఒకటి తుడుస్తూ చెప్పాడు.

"నేనే తీశాను, అమ్మాయ్. పురికొస కోసం సొరుగు లాగితే కనబడింది. నా గదికీ మీ గదికీ మధ్య ఒక్క గోడే. అల్లుడు పళ్లు కొరుకుతుంటే సెప్టెంబరు నుంచీ వింటున్నాను. ఎందుకు కొరుకుతున్నాడో ఆ కవరు చూశాక అర్థమైంది. అది సొరుగులో ఉన్నన్నాళ్లూ ఆ మనిషి ఒక మాట మీద నిలబడడు, నిలబడాల్సిన అవసరం రాదు. పోనీ తగలబెడదామా అంటే, పోస్టుమాస్టరు ఉత్తరం తగలబెట్టడు. బస్టాపు పెట్టెలో వేద్దామా అంటే, పంపమని రాసినవాడు చెప్పలేదే. అందుకని ఇందులో వేశాను. పోస్టుపెట్టెలో వేసినట్టూ ఉంటుంది, ఎక్కడికీ పోనట్టూ ఉంటుంది. అతనికి నిజంగా పంపాలనుంటే ఒక్క వాక్యం మళ్లీ రాసుకోవడానికి ఎంతసేపు? ఐదు వారాలు చూశాను. రాయలేదు. నిన్ను కూడా కాలవగట్టు మీద మభ్యపెట్టాను, అది తప్పే. ఇంకో తప్పుంది, అదే పెద్దది. నలభై ఒక్కేళ్లు, మంచు పడినా వరదొచ్చినా, స్టాంపు అంటించిన ఉత్తరాన్ని ఒక్కపూట ఆపినవాణ్ణి కాను. దీన్ని ఆపాను. తెలిసి, కావాలనే ఆపాను. అల్లుడు ఫిర్యాదు రాసుకోదలిస్తే పోస్టాఫీసు ఫారాల కట్ట ఆ పై అరలోనే ఉంది. నా పేరు పూర్తిగా రాయమను."